తలకు మూడు

చలపతి సార్‌కు చేపలు పట్టడమంటే పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు. సౌదీలోని జుబైల్‌లో ఓ కాంట్రాక్టు కంపెనీకి ఆయన ప్లానింగ్ మేనేజరు. గురువారం మధ్యాహ్నానికల్లా మనిషి ఆఫీసులోనే ఉంటాడు గానీ మనసు సముద్రంలో ఉంటుంది. గాలాలకూ మంచుపెట్టెలకూ ఇంట్లో ఒక గదే కేటాయించాడు. పట్టినదాంట్లో తినేదెంతో ఆ పైవాడికే తెలుసు. పక్కన పెట్టుకుని ఫొటో దిగేది, ఫ్రీజరు నింపేది, పెద్ద సార్ల ఇళ్ళకు పంపేదే ఎక్కువ.

అంజన్న ఆయన కింద పైపు ఫిట్టరు. జగిత్యాల వైపు మనిషి, గంగపుత్రుల ఇంట పుట్టినవాడు. తాత వల పట్టాడు, తండ్రి వల పట్టాడు, ఇతని చేతికి మాత్రం స్పానరు వచ్చింది. అలాంటివాణ్ణి ఓ రోజు సారే పిలిచి, "శుక్రవారం బోటులో వస్తావా?" అని అడిగితే ఎగిరి గంతేశాడు. పిచ్చిమారాజు, చేపలు పట్టడానికి పిలిచారనుకున్నాడు.

పిలిచింది అతని తలకాయ కోసం.

సంగతేమిటంటే, ఆ సముద్రంలో హమూర్ అనే చేప ఉంటుంది. గోధుమరంగు ఒళ్ళు, ఒంటినిండా మచ్చలు, ఇంత వెడల్పు నోరు. అరబ్బుల ఇంట అది లేని విందు విందే కాదు. ఒకప్పుడు గాలం వేసి సిగరెట్టు వెలిగించేలోపే పడేదట. ఇప్పుడు పొద్దస్తమానం కూర్చున్నా మొహం చూపించదు. అందుకని, సరదాకు పట్టేవాళ్ళు తలకు పదికి మించి పట్టకూడదని లిమిట్ పెట్టారు. అప్పుడు చలపతి సార్ వెంట ఒక డ్రైవరు వెళ్ళేవాడు. లిమిట్ అయిదుకు దిగింది, సార్ వెంట ముగ్గురయ్యారు. ఈ ఏడాది మూడుకు దిగింది, డ్రైవర్లూ వంటవాళ్ళూ కలిపి ఆరుగురయ్యారు. ఆ ఆరుగురిలో ఒక్కడి చేతిలోనూ గాలం ఉండదు. చేపలు తగ్గించవయ్యా అంటే మనుషుల్ని పెంచిన మహానుభావుడు!

"ట్రాలర్లు టన్నులకు టన్నులు ఊడ్చుకుపోతుంటే అడిగే దిక్కు లేదు. మా గాలాల మీదేనా వీళ్ళ ప్రతాపం? నెక్స్ట్ ఇయర్ ఒకటికి తెస్తారట. వాట్ నాన్సెన్స్!" అనేవాడు సార్.

ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ పక్కింటివాడు గజదొంగ అయినంత మాత్రాన మన జేబుదొంగతనం దొరతనమైపోతుందా?

అంజన్నకు ఇదంతా మొదటి రోజే అర్థమైంది. అయినా వెళ్ళాడు. రెండేళ్ళు వెళ్ళాడు. గాలాలకు ఎర గుచ్చాడు, చేపల కడుపులు కోశాడు, బోటు కడిగాడు. ఒక్క తోక ముక్క కూడా అతని గిన్నెలోకి రాలేదు. క్యాంపు గదిలో వారమంతా డీజిలు కంపు పీల్చే మనిషికి నీళ్ళ వాసన చాలని వెళ్ళాడు. ఆశకు అంతేముంది.

ఆ మధ్య ఊరి నుంచి భార్య సరళ ఫోన్ చేసింది. ఊళ్ళో మత్స్య సొసైటీలో కొత్త సభ్యులను చేర్చుకుంటున్నారట. ఊరికే చేర్చుకోరు. అధికారులు చెరువు దగ్గరికొచ్చి పరీక్ష పెడతారు. వాళ్ళ ముందు ఈదాలి, వల విసరాలి. అంజన్న తండ్రి పోయాక ఆ ఇంటి పేరు సొసైటీలో లేదు. పేరుంటే చెరువులో వాటా ఉంటుంది. వాటా ఉంటే ఈ ఎండలో పరాయివాళ్ళ పైపులు బిగించే ఖర్మ ఉండదు.

"ఈసారి తప్పితే మళ్ళ ఎప్పుడు తీస్తరో ఎవనికెరుక. వస్తున్నవా, రావా? ఒక్కటే మాట చెప్పు" అంది సరళ.

"వస్తున్ననే. మొత్తానికే వస్తున్న. ఫైనల్ ఎగ్జిట్ కాగితం సార్ టేబుల్ మీదున్నది. ఒక్క సంతకం, గంతే."

ఆ ఒక్క సంతకమే అతని మెడకు గాలమైంది. "ఈ శుక్రవారం ఒక మనిషి తక్కువయ్యాడు అంజన్నా. ఈ ఒక్క ట్రిప్పు రా. ఆదివారం ఆఫీసుకు రాగానే సైన్ చేసేస్తా" అన్నాడు సార్. అంజన్న కాదనలేకపోయాడు.

ఆ రోజు సముద్రం ఒట్టిపోయిన బర్రెలా ఉంది. మధ్యాహ్నం దాకా పడ్డవన్నీ కలిపినా సార్ మొహం విప్పారలేదు. ఆ తర్వాత పడ్డవి మరీ చిన్నవి, బారెడు పెరగాల్సిన జాతిలో జానెడు పిల్లలు. అంజన్న గాలం నుంచి ఒకదాన్ని తప్పించి అరచేతిలో పట్టుకున్నాడు. ఇంకా కొట్టుకుంటోంది.

"సార్, గివి పిల్లలు. ఒక్కపారి గుడ్డు సుత పెట్టి ఉండయి. ఇడుద్దాం సార్."

"సగం ఖాళీ పెట్టెతో ఇంటికెళ్ళమంటావా? వెయ్యి, వెయ్యి" అన్నాడు సార్.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరైనా ఆపితే చూపించాలి కదా, తలకు మూడుకు మించకుండా కుప్పలు పెట్టించాడు. మంచివన్నీ తన ముందూ, వంటవాళ్ళ ముందూ, డ్రైవర్ల ముందూ పడ్డాయి. పిల్లలు మూడూ అంజన్న ముందు పడ్డాయి. అంజన్న ఆ కుప్ప వంక అలా చూస్తూ ఉండిపోయాడు.

వాళ్ళ ఊళ్ళోనూ చెరువు పట్టిన రోజు కట్ట మీద ఇలాగే కుప్పలు పోస్తారు. నీళ్ళలోకి దిగిన ప్రతి మనిషికీ ఒక కుప్ప. కుప్ప మీద చెయ్యి పెట్టి నాది అన్నావంటే అది నీది. అందులో పెద్ద బొచ్చె ఉన్నా నీదే, పనికిరాని బురదపక్కి ఉన్నా నీదే. తర్వాత నాది కాదంటే నలుగురూ నవ్వుతారు, వచ్చే ఏడు నీళ్ళలోకి దిగనివ్వరు. తండ్రి నేర్పిన మొదటి పాఠం అదే.

ఒడ్డు కనిపిస్తుండగా గస్తీ బోటు వచ్చి అడ్డం నిలబడింది. కుర్ర అధికారి ఒకడు ఎక్కి, గీతలున్న కర్ర తీసి చేపల పక్కన పెట్టి చూస్తూ వచ్చాడు. కొలతకు తక్కువున్న పిల్లల్ని పట్టడం అక్కడ నేరం. అంజన్న ముందుకు వచ్చేసరికి ఆగిపోయాడు. ఇవి ఎవరివని అరబ్బీలో అడిగాడు.

అంజన్న చెయ్యి దానంతటదే వెళ్ళి కుప్ప మీద పడింది. "హాదా హగ్గీ" అన్నాడు. ఇది నాదే అని.

ఆ అధికారి తెలివితక్కువవాడేం కాదు. బోటంతా కలయజూశాడు. గాలాలన్నీ సార్ సీటు పక్కనే ఉన్నాయి. ఈసారి హిందీలో, నెమ్మదిగా అడిగాడు. "నువ్వే పట్టావా? నీ గాలం ఏది? నిజం చెప్పు, భయపడకు."

అప్పుడైనా చెప్పవచ్చు. అంజన్న సార్ వంక చూశాడు. సార్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఒడ్డు వంక చూస్తున్నాడు, ఈ బోటుతో తనకేమీ సంబంధం లేనట్టు. టేబుల్ మీది కాగితం గుర్తొచ్చింది. సరళ అడిగిన ఒక్క మాట గుర్తొచ్చింది.

"నేనే పట్టిన" అన్నాడు.

అధికారి నిట్టూర్చి, అతని గుర్తింపు కార్డు, ఇఖామా అడిగి తీసుకుని నంబరు ఫోనులో ఎక్కించుకున్నాడు.

ఆదివారం సార్ సంతకం పెట్టాడు. మాట తప్పాడని అనడానికి వీల్లేదు. కానీ అంజన్న నంబరు కొట్టగానే సిస్టం ఎగ్జిట్ ఇవ్వనంది. కేసు తేలేదాకా మనిషి కదలకూడదు. జుర్మానా తాను కడతానని సార్ పెద్దమనసు చూపించాడు. కానీ తేలడానికి వారాలు పడుతుందన్నారు.

"పిల్లలన్నీ నా ముందటనే ఎందుకు పెట్టిండ్రు సార్?" అని అడిగాడు అంజన్న. జన్మలో మొదటిసారి ఒక పెద్దసారును నిలదీయడం.

"అరె, నువ్వు ఎలాగూ వెళ్ళిపోయేవాడివి కదా, నీ పేరు మీద ఏమున్నా ఎవడికి నష్టం అనుకున్నా. ఇంత కాంప్లికేట్ అవుతుందని నాకేం తెలుసు? డోంట్ వర్రీ, ఐ విల్ హ్యాండిల్ ఇట్."

ఎంత తిప్పి చూసినా, నాది అన్నది అంజన్న నోరే.

తర్వాతి గురువారం సాయంత్రం సరళ ఫోన్ చేసింది. ఆ పొద్దున్నే చెరువు దగ్గర పరీక్ష అయిపోయింది.

"గంగారాం కొడుకు ఈతల మునిగినంత పని జేసిండు. వాడు సుత పాసైండు" అంది. "నీ పేరు రెండుసార్లు పిలిచిండ్రు. నేనే లేచి, లేడని చెప్పిన" అంది. ఏడుస్తోందో లేదో తెలియలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆ ఫోను ఇంకా చేతిలో ఉండగానే మళ్ళీ మోగింది. చలపతి సార్.

"అంజన్నా, రేపు ట్రిప్పు ఉంది. నీ నంబరు బ్లాకులో ఉంది కాబట్టి నిన్ను లెక్కలో చూపించలేం. నీ రూములో ఖాళీగా ఎవరైనా ఉన్నారా? గాలం పట్టడం రాకపోయినా ఫర్వాలేదు. జస్ట్ ఒక మనిషి ఉంటే చాలు."

గదిలో బాబావలి ఉన్నాడు. కడప మనిషి, వాటర్ ట్యాంకరు డ్రైవరు. స్పీకరులోంచి వచ్చిన మాటలన్నీ విని మంచం మీద లేచి కూర్చున్నాడు. నేనొస్తానని చెప్పమన్నట్టు తల ఊపుతున్నాడు. ఆ కళ్ళలో మెరుపు అంజన్న ఎరగనిది కాదు.

"ఉన్నడు గని సార్, ఆయనకు సముద్రమంటే భయమట" అని ఫోన్ పెట్టేశాడు అంజన్న.

బాబావలి ఒంటికాలి మీద లేచాడు. "ఏందిన్నా ఇది? నాకు భయమని యెవురు జెప్పినారు నీకు? రెండేండ్లు నువ్వు తిరిగితివి. నా వంతు వచ్చేతలికి అడ్డం పడ్తివి!"

"వద్దురా బాబా. నా గతేమైందో కండ్లార చూస్తనే ఉన్నవు గదా."

"నువ్వంటే కుప్ప మీద చెయ్యి పెడ్తివి. నేను పెడ్తానా యేంది? నాకు తెలీదా?"

అని అంజన్న చేతిలోని ఫోను లాక్కుని, ఆఖరి నంబరు నొక్కి, గొంతు సవరించుకున్నాడు.

"సార్, నేను బాబావలిని. నాకు భయమూ గియమూ యేం ల్యా సార్. రేపు యాడికి రమ్మంటారు?"