ఎవరి ఊపిరి ఎవరి చేతికి

రిటైరయ్యేదాకా సమ్మవ్వ గని లాంప్‌రూంలో చేసింది. కార్మికుడు చూపిన బిళ్ల మీద నంబరు చూసి ఆ నంబరు దీపాన్నే అతని చేతిలో పెట్టేది. ఒక్కనాడూ ఒకరి దీపం ఇంకొకరికి ఇవ్వలేదు. ఆ ధీమాతోనే ఆ పొద్దున కొడుకు అంజివీ కోడలు దీపవీ డైవింగ్ గడియారాలు తుడిచి, ఒకరిది ఒకరికి ఇచ్చేసింది.

రెండూ ఒక్క తీరే ఉంటాయి మరి. సిలిండర్ మెడ దగ్గరి ట్రాన్స్‌మీటర్, లోపల గాలి ఎంతుందో తీగ లేకుండానే గడియారానికి చెబుతుంది. ఏ ట్రాన్స్‌మీటర్‌తో జత కలిపితే గడియారం దాని మాటే వింటుంది. రెండు సిలిండర్లూ నిండుగా ఉండటంతో గట్టు మీద ఎవరికీ అనుమానం రాలేదు.

గోదావరిఖని అవతల, బొగ్గు తవ్వి వదిలేస్తే నీళ్లు నిండిన పాత ఓపెన్‌కాస్ట్ గుంతలో, నీళ్లు తోడే మోటారు పైపు మూతికి చెత్త పట్టింది. పొద్దుగూకేలోపు తీస్తే ఇకపై పనులన్నీ ఈ మొగుడూ పెళ్లాలకే. లేదంటే కాంట్రాక్టరు బయటివాళ్లను పిలుస్తాడు.

"జల్ది రాండ్రి, కూర సల్లారుతది," అంది సమ్మవ్వ.

"బావ తినుడు అయ్యేసరికి షిఫ్టు మారుతదత్తా!" అంది దీప, అంజిని చూస్తూ.

అంజికి తిండైనా ఊపిరైనా నిదానమే.

అడుగున ఇద్దరూ పక్కపక్కనే చేరి చెత్త కోశారు. దీప ఆత్రంగా కోస్తూ గాలి తెగ పీల్చింది. గుప్పెడు చెత్త మిగిలిందనగా అంజి ఆమె భుజం తట్టి, పైకి పోదామని బొటనవేలు పైకి చూపాడు. అతని గడియారంలో అంకె అడుగంటింది. దీప గడియారంలో సగానికి పైనే ఉంది. ఆమె తల అడ్డంగా ఊపింది.

అప్పుడు చూసింది. అంజి బుడగలు తీరుబడిగా లేస్తున్నాయి. తనవి మరిగే ఎసరులా ఉన్నాయి. ముద్దముద్దకూ ముచ్చట పెట్టే మనిషి గాలిని తనకంటే ముందు తాగేస్తాడా? అతని చెయ్యి పట్టుకుని గట్టిగా పీల్చింది. అతని గడియారంలో అంకె దిగింది. తనదాంట్లో ఉలుకూ పలుకూ లేదు.

అడుగంటింది తన గాలేనని దీప సైగ చేసింది. సైగ అందగానే అంజి తన రెండో నోటిగొట్టం ఆమెకు ఇచ్చాడు. అతని గాలితోనే ఇద్దరూ మెల్లగా పైకొచ్చారు.

"ఎవరిది ఎవరికిచ్చినవత్తా? పానం పోవుకాడికచ్చింది!"

సమ్మవ్వ ముఖం పాలిపోయింది. కొంగుతో కోడలి తల తుడిచి, "మీరు బిళ్ల సూపియ్యకపాయె, నేనేం జేతు?" అంది.

మిగిలిన గుప్పెడు చెత్త కోసం ఆ ట్రాన్స్‌మీటర్లనే కొత్త సిలిండర్లకు తగిలించేసరికి రెండు గడియారాలూ ఆమె ఒళ్లోనే ఉన్నాయి.

"ఒక్కొక్కలు పీల్చుండ్రి. ఎవలు పీలిస్తే ఏది దిగుతదో సూసే ఇస్త."

దీప పీల్చింది. ఒక అంకె దిగింది. "ఇది నీది, పట్టు."

అంజి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. రెండో అంకె కదల్లేదు. సూర్యుడు మట్టిగుట్టల మీదికి వాలుతున్నాడు.

"గట్టిగ గుంజురా కొడుకా! ఇది కల్లు గాదు, రుచి సూసుకుంట తాగనీకి!"