సోయింగ్ మెట్టు మీద నీడ

పొద్దున్నే మా సందులో మొదట వినపడేది సోయింగ్ చేతి బ్రష్షు చప్పుడు, ఆ తర్వాత ఆమె నోరు. తన చేపల అంగడికి వెళ్ళే ముందు బక్కెట్లో బ్లీచింగు కలుపుకొచ్చి, తన ఇంటి మెట్టు మీద పడున్న నీడని బరబరా రుద్దేది. "ఇంకా ఇక్కడే చచ్చావా? పో! మీ అమ్మ కొంపకి పో!" అనేది. నీడ కదిలితేగా! మా ఊరు కీలుంగ్‌లో వాన తప్ప ఎండ ఎరగం మేము. ఎవరికీ నీడ పడని రోజుల్లో కూడా అది మాత్రం సిరా ఒలికినట్టు అక్కడే ఉండేది. పోస్టుమాన్ దాన్ని తొక్కకుండా కాలెత్తి దాటి ఉత్తరాలు ఇచ్చిపోయేవాడు.

అది ఎదురింటి బీగ్యోక్ కొడుకు అతెక్ నీడ. మనిషిని పోలీసులు తీసుకుపోయారు, నీడ మాత్రం వెళ్ళలేదు. స్కూటర్ ఎవరు ఎక్కడ పెట్టాలి అన్న దిక్కుమాలిన గొడవ. అతెక్ ఒక్క తోపు తోశాడు. సోయింగ్ మొగుడు హోక్సెంగ్ వెనక్కి పడ్డాడు, తల మెట్టుకి తగిలింది. అంబులెన్సు వచ్చేసరికి అంతా అయిపోయింది. సోయింగ్ అప్పుడు అంగడిలో ఉంది. ఆఖరి నిమిషాల్లో హోక్సెంగ్ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది అతెక్ ఒక్కడే. ఆ రోజు నుంచి వాడి నోట మాట లేదు. జడ్జి అడిగినా లేదు, కన్నతల్లి ఏడ్చినా లేదు.

వాణ్ని తీసుకెళ్ళి ద్వీపానికి అవతలి కొసన, తైతుంగ్ ఊరు కూడా దాటాక ఉన్న జైల్లో పడేశారు. బీగ్యోక్ పట్టేసిన మోకాళ్ళతో రైళ్ళు మారి వెళ్ళేది. కొడుక్కిష్టమని తెచ్చిన చేప ఉండల్ని కూడా వార్డరు కత్తితో నాలుగేసి ముక్కలు చేసి చూసేవాడు. అద్దానికి ఇటు ఫోనులో ఈమె వాగుతూనే ఉండేది, అటు వాడు తల దించుకుని కూర్చునేవాడు. "ఒక్కసారి అమ్మా అనరా, చాలు" అని బతిమాలి, అదీ అనిపించుకోలేక తిరిగొచ్చేది. చివరికి మోకాళ్ళు మొరాయించాయి. మా ఊరి కొండ మీదే ఒక జైలుంది, ఇక్కడి నుంచి ఒక్క బస్సు. కొడుకుని అక్కడికి మార్చమని అర్జీ పెట్టింది. వారం వారం కనబడితే వాడికి మాట తిరిగొస్తుందని ఆమె ఆశ.

విచారణకి ఒక ఆఫీసరు వచ్చాడు. గొడుగు మూయకుండానే మెట్టు వంక చూశాడు.

"అవ్వా, అది మీ అబ్బాయి నీడేనా?"

"వాడిదే బాబూ."

"అంటే ఖైదీలో కొంత భాగం కుటుంబం దగ్గరే ఉన్నట్టు. మిగతా దాని కోసం బదిలీ ఎందుకంట?"

"నీడ నాతో మాట్లాడుద్దా? నాకు ఒంట్లో బాగోకపోతే మంచినీళ్ళిస్తుందా?"

"అదంతా మా శాఖ కిందకి రాదు" అని, సోయింగ్ వైపు తిరిగాడు. "చనిపోయినాయన భార్య మీరేగా? మీకు అభ్యంతరమేమైనా ఉందా?"

"అభ్యంతరమా! వాణ్ని ఇంకా దూరం పంపే వీలుంటే చెప్పండి, సంతకం పెడతా. సముద్రంలో జైలు లేదా మీకు?"

అర్జీ తిరిగొచ్చింది. బాధిత కుటుంబం ఒప్పుకుంటే తప్ప కుదరదన్నారు.

బీగ్యోక్ రోజూ మధ్యాహ్నం గిన్నెలో అన్నం, కూర పెట్టుకుని సందు దాటి వచ్చేది. గిన్నెని నీడ ముందు పెట్టి, పైన అన్నం తినే పుల్లలు రెండూ అడ్డంగా పెట్టేది. సోయింగ్ అంగడి నుంచి రాగానే దాన్ని కాలితో తన్నేది. ఒకరోజు తన్నలేదు. వంగి, ఆ పుల్లలు రెండూ తీసి అన్నంలో నిలువుగా గుచ్చింది. చచ్చినవాళ్ళ ముందు తప్ప అలా గుచ్చం. సందంతా కిటికీల్లోంచి చూసింది. అవి గుచ్చిన చెయ్యే తియ్యాలి గనక ఆ గిన్నె జోలికి ఎవరూ పోలేదు.

ఆ వారంలోనే జైలు నుంచి ఫోను. అతెక్ అన్నం మానేశాడు, సెలైన్ ఎక్కిస్తున్నామన్నారు. ఇక్కడ మెట్టు మీద నీడ కూడా ఉతికిన గుడ్డలా వెలిసిపోయింది. బీగ్యోక్ గొడుగు కూడా లేకుండా వానలో పడి వచ్చింది.

"నా కొడుకుని చంపుతున్నావే పాపిష్టిదానా!"

"నీ కొడుకు చేసిందేంటో?"

"తియ్యవే ఆ పుల్లలు! నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకో, చూద్దాం."

బీగ్యోక్ నిజంగానే వంగబోయింది. మోకాళ్ళు వంగలేదు. గోడ పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చింది. సోయింగ్‌కి జాలేం కలగలేదు, అబద్ధమెందుకు! ఆమె చూపంతా నీడ మీదే ఉంది. అంచులు అప్పుడే మాయమైపోయాయి. అది చూసి మనిషి బెదిరింది.

"వీడు పోతే..." అంది. "మా ఆయన ఆఖరికి ఏమన్నాడో తెలిసింది వీడొక్కడికే. వీడు పోతే నాకెవరు చెప్తారు?"

చటుక్కున పుల్లలు లాగి కాలవలోకి విసిరేసింది.

"పోయి అడగవే మరి! నీకు అడ్డమెవరు?" అంది బీగ్యోక్ ముక్కు చీదుకుంటూ.

"వాడి కోసం నేను అంగడి మూసుకుని రోజంతా రైల్లో కూలబడాలా? వాణ్నే ఇక్కడికి తోలించు. సంతకం పెడతా. కానీ మొదటి ములాఖత్ నాది."

"కన్నతల్లిని నేనుండగానా!"

"నువ్వుండగానే. ఇష్టం లేకపోతే పో."

బీగ్యోక్ నానా తిట్లూ తిట్టింది. తిట్టి తిట్టి, సరేనంది.

బదిలీ వచ్చింది. ములాఖత్ రోజున సోయింగ్ తలుపు తాళం వేసి మెట్టు దిగుతుంటే, నీడ మెట్టు మీంచి లేచి ఆమె మడమల వెంట నడిచింది. "ఎక్కడికి తయారయ్యావు?" అని కసిరింది గానీ అదిలించలేదు. బస్సులో డ్రైవరు, "వెనక్కి జరగండి, నీడని తొక్కుతున్నారు" అని జనాన్ని కోప్పడ్డాడు. బీగ్యోక్ పులుసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని వేరే సీట్లో, అటు తిరిగి కూర్చుంది.

రోజుకొక్కరికే ములాఖత్. సోయింగ్ లోపలికి వెళ్ళింది, బీగ్యోక్ బయట బల్ల మీద ఉండిపోయింది. తలుపు ఓరగా ఉంది. అతెక్ అద్దం అవతల తల దించుకునే కూర్చున్నాడు. సోయింగ్ కాళ్ళ దగ్గరి నీడ గోడ పాక్కుంటూ ఎక్కి, అద్దం కింద సందులోంచి దూరి, వాడి కాళ్ళకి అతుక్కుంది. వాడు తలెత్తాడు.

"చెప్పరా" అంది సోయింగ్ ఫోనులో. "ఏమన్నాడు?"

వాడి గొంతు తుప్పు పట్టిన గొళ్ళెంలా కిర్రుమంది. వాడెంత గట్టిగా అరిచాడంటే, ఫోను లేకుండానే బయటి బల్ల దాకా వినబడింది.

"అక్కా... పొయ్యి మీద పులుసుందన్నాడు. నువ్వొచ్చేసరికి మాడిపోతుందని, మంట కట్టెయ్యమన్నాడు. నేను కట్టలేదక్కా. ఆయన తల కింద పెట్టి లేవలేకపోయాను."

ఆ రోజు సోయింగ్ అంగడి నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. మాడిన ఆ పులుసు గిన్నెని ఆమె తోమనూ లేదు, పారెయ్యనూ లేదు.

"ఇది చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందిరా నీకు?" అని ఫోనుని ఠపీమని పెట్టేసి లేచింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. బీగ్యోక్ ముందు నుంచే విసవిసా నడిచిపోయింది.

గుమాస్తా తలుపు మూశాడు. "ఇవాళ్టికి అయిపోయిందమ్మా. ఆ డబ్బా వెనక్కి పట్టుకెళ్ళండి."

బీగ్యోక్‌కి ఆ మాటలు చెవికెక్కలేదు. కొడుకు గొంతు విని ఎన్నేళ్ళయిందో. తనని పిలవలేదు, తన మాటే ఎత్తలేదు. అయినా అది వాడి గొంతే. గుమాస్తా మళ్ళీ చెప్పాక మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"రేపొస్తాలే బాబూ" అంది. "బస్సెక్కితే ఇక్కడికేగా."