తడి ఇసుక రంగు

"బుజ్జీ, నా బాక్సేదీ?"

పెళ్ళయిన ఈ మూడు నెలల్లో అతను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. అంతకుముందు అడగాల్సిన అవసరమే రాలేదు. తెల్లారితే సూర్యుడొచ్చినట్టు, ఎనిమిదిన్నరయితే బాక్సు చేతికొచ్చేది. సూర్యుడు ఎక్కణ్ణుంచి వస్తున్నాడని ఎవరైనా ఆరా తీస్తారా?

ఆ రోజు మాత్రం బుజ్జి చేతులు రెండూ నీలంగా ఉన్నాయి. పడగ్గదిలో ఇస్త్రీ బల్ల మీద కాన్వాసు గోడకానించి, ఆకాశం ఎక్కడ ఆగాలో సముద్రం ఎక్కడ మొదలవ్వాలో తేల్చే పనిలో ఉంది. ఆక్రిలిక్ రంగు ఎవరి కోసమూ ఆగదు. పది నిమిషాల్లో ఎండిపోతుంది, ఎండాక కాళ్ళు పట్టుకున్నా కదలదు.

"అక్కడే ఉంది, మీరే తీసుకోండీ!" అని కేకేసింది. అనేశాక నాలిక్కరుచుకుంది. ఆ వెనకే నవ్వూ వచ్చింది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడైంది. అప్పుడైనా అనుమానం రావాల్సింది. కానీ కుంచె సరిగ్గా గీత మీద ఉంది.

ఆ సముద్రం కథ పెళ్ళయిన రెండో వారంలో మొదలైంది. కొత్త జంటని సముద్రం చూసి రమ్మన్నారు పెద్దలు. పాపం కొత్త జంటకి తోడుండాలని పెద్దలూ వచ్చారు. అందరూ కేరింతలు కొడుతూ నీళ్ళలోకి పరిగెత్తబోతూ ఒక్క క్షణం ఆగారు. "చెప్పులెవరైనా ఎత్తుకుపోతారేమో! అమ్మాయ్, నువ్వు ఇక్కడ నిలబడు, కొత్తకోడలివి, తడిస్తే జలుబు చేస్తుంది" అన్నారు అత్తగారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో మొదటి తరగతి తెచ్చుకున్న అమ్మాయి గంటన్నరసేపు ఎనిమిది చెప్పులకి కాపలా కాసింది. అలల్లో తీసిన ఫోటోలన్నిటిలోనూ అందరూ ఉన్నారు, బుజ్జి తప్ప. అయితే ఆ గంటన్నరలో ఆమెకొక నిధి దొరికింది. తడి ఇసుక మీద పాదం నొక్కితే చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లబోతుంది. కాలు తీయగానే మళ్ళీ నల్లబడుతుంది. అందులో కాస్త ఆకాశం కూడా కనిపిస్తుంది. ఆ రంగు ఎవరి ఫోటోలోనూ పడలేదు.

అందుకే, ఫోన్లో "కొత్తగా నేర్చుకునేవారికి ఆక్రిలిక్‌లో సముద్రతీరం" అనే పాఠం కనిపించగానే చేరిపోయింది. ఆదివారానికి బొమ్మ పూర్తిచేసి, నేర్చుకునేవాళ్ళ గ్రూపులో అందరూ వేసినవాటి పక్కన పెట్టాలి. ఫోన్లో టీచరమ్మ చాలా నెమ్మదస్తురాలు. "తడి ఇసుక రంగు ఒకేసారి ఎక్కువ కలిపి పెట్టుకోండమ్మా, మళ్ళీ అదే రంగు రమ్మంటే రాదు" అని మొదటి రోజే హెచ్చరించింది. తెలుపు, పసుపుమట్టి రంగు, ముదురు గోధుమ రంగు, అందులో చీమ తలకాయంత నీలం. మొదటి రోజు కలిపితే సిమెంటు వచ్చింది. రెండో రోజు దగ్గు మందు వచ్చింది. మూడో రోజు, గిన్నెలకీ బట్టలకీ మధ్య దొరికిన సందులో, వచ్చేసింది! సంతోషం పట్టలేక మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించింది. "బ్రహ్మాండం! టీ ఉందా?" అన్నాడతను.

రంగు ఎండకుండా ఉండాలంటే మూతున్న డబ్బాలో తడి గుడ్డ, దాని మీద నూనె కాగితం పరిచి, రంగు ముద్దలు పెట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచాలట. పెళ్ళికి పిన్ని ఇచ్చిన స్టీలు బాక్సులు, అన్నీ ఒకేలాంటివి, మూడున్నాయి. ఒకటి మామగారిది, ఒకటి మొగుడిది. "మూడోది నీకెందుకే, నువ్వెక్కడికెళ్తావని?" అన్నారు అత్తగారు. నిజమే, ఎక్కడికీ వెళ్ళదు. అందుకే ఆ బాక్సులోకి సముద్రాన్నే రప్పించుకుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ మోగింది.

"బుజ్జీ," అతని గొంతు గుసగుసలాడుతోంది, "ఇదేం కూర?"

"బంగాళాదుంప వేపుడండీ."

"నీలంగా ఉందేంటి?"

బుజ్జి తిరిగి చూసింది. భోజనాల బల్ల మీద, పొద్దున అతను కూర్చున్న కుర్చీకి ఎదురుగా, అతని బాక్సు బుద్ధిగా కూర్చుని ఉంది.

"అయ్యో, అది సముద్రమండీ! నోట్లో పెట్టుకోకండి!"

"నేను పెట్టుకోలేదు. మా మేనేజరుగారు ఆ తెల్లటిది పెరుగనుకుని వేలు ముంచారు. చివరి క్షణంలో చెయ్యి పట్టుకున్నాను." వెనకాల గదంతా పగలబడి నవ్వడం వినిపించింది. "నేను క్యాంటీన్లో తినేస్తాలే. నువ్వేం కంగారుపడకు, నేను చూసుకుంటా" అని పెట్టేశాడు.

దాన్ని కదపకుండా తెమ్మని చెప్పాల్సింది. మళ్ళీ ఫోన్ చెయ్యబోయి మానుకుంది. రంగుకి ఏమవుతుంది? మహా అయితే ఎవరైనా కడగాలి. అతను మంచినీళ్ళు తాగిన గ్లాసు కడగడం కూడా ఈ ఇంట్లో చూసినవాళ్ళు లేరు. ఆ ధీమాతో అతని బాక్సు వేడిచేసుకుని భోజనానికి కూర్చుంది. రెండున్నరకి గిన్నెల అడుగులు గోకి తినే బుజ్జి, పెళ్ళయ్యాక మొదటిసారి ఒంటిగంటకి వేడి వేడిగా తింటోంది.

"వాడక్కడ క్యాంటీన్ తిండి తింటుంటే నీకు ముద్దెలా దిగుతోందమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"వేడిగా ఉందిగా అత్తయ్యా, హాయిగా దిగుతోంది" అంది, పొగరుతో కాదు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

సాయంత్రం ఆరింటికి అతను విజయం సాధించినవాడిలా లోపలికొచ్చాడు. బాక్సు తీసి బల్ల మీద పెట్టాడు. అద్దంలా మెరిసిపోతోంది.

"కడిగేశా! సబ్బు లేకపోతే చేతులు కడుక్కునే లిక్విడ్ పోసి మూడుసార్లు రుద్దా. మూలల్లో ఎంత పట్టేసిందనుకున్నావ్! నీకు పని తగ్గిద్దామని."

"నా తండ్రే!" అత్తగారు బుగ్గన చెయ్యేసుకున్నారు. "ఏమండోయ్, ఇలా రండి, మీ అబ్బాయి బాక్సు కడిగాడు!" మామగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ వచ్చి, మూత తిప్పి చూసి, "భేష్" అన్నారు.

బుజ్జి కూడా లోపలికి తొంగి చూసింది. అందులో తన ముఖం తప్ప ఏమీ లేదు. ఈ మూడు నెలల్లో తను కడిగిన బాక్సులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఇంటి కప్పుకి తగిలేవి. వాటిలో ఒక్కదాన్ని చూడ్డానికైనా ఎవరూ కళ్ళజోడు పెట్టుకోలేదు. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. ఎదురుగా ఆ వెర్రిమొహం ఎంత మురిసిపోతోందో చూస్తే నవ్వే గెలిచింది. కానీ నవ్వినంత మాత్రాన రంగు తిరిగి రాదు. ఆదివారానికి ఇంక రెండు రోజులే ఉన్నాయి, బొమ్మలో ఇసుక సగమే అయింది.

"ఏమండీ, మీరు కడిగేసింది నా తడి ఇసుక. మూడు రోజులు పట్టింది కలపడానికి."

అతని మొహం వాడిపోయింది. "అదా... మురికనుకున్నా. పోనీ రేపు కొత్త రంగులు తెస్తానే."

"రంగులున్నాయి, టైమే లేదు. రోజూ ఆరు నుంచి ఏడున్నర దాకా నేను సింకు దగ్గరుంటాను. పాళ్ళు ఇప్పుడు తెలుసు గనక ఆ రంగు కుదరడానికీ సరిగ్గా అంతే పడుతుంది." మెరుస్తున్న బాక్సు చేతిలోకి తీసుకుంది. "ఇంత బాగా కడగడం వచ్చని తెలియక ఇన్నాళ్ళూ నేనే చేశాను. మిగతావన్నీ సింకులో ఉన్నాయి. నేను గదిలో ఉంటాను."

"ఈ ఒక్కరోజుకేనా?" అన్నాడు చొక్కా చేతులు మడుస్తూ, అనుమానంగా.

"సముద్రం చాలా పెద్దదండీ" అంది బుజ్జి. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

పసుపుమట్టి రంగు తీసింది. తెలుపు కలిపింది. అవతల నీళ్ళ చప్పుడు, ఏదో గరిటె కిందపడిన మోత, "బుజ్జీ, పీచు ఏ చేత్తో పట్టుకోవాలీ?" అన్న కేక. ఈమె ముదురు గోధుమ రంగు కలిపింది. నీలంలో కుంచె కొస ముంచుతుండగా తలుపు తెరుచుకుంది. అత్తగారు. లోపలికొచ్చి, తలుపు మూసి, గడియ కూడా పెట్టారు. అక్షింతలు పడతాయని బుజ్జి కుంచె దించి నిలబడింది.

అత్తగారు మంచం అంచున కూర్చుని, అవతలి చప్పుడు కాసేపు విన్నారు. తర్వాత గొంతు బాగా తగ్గించి అన్నారు.

"ముప్పై ఏళ్ళయిందే. మీ మామగారి చేత ఒక్క గ్లాసు కడిగించలేకపోయాను. రేపు ఆయన బాక్సులో కూడా ఏదో ఒక రంగు పెట్టెయ్. నేను చూడనట్టే ఉంటాలే."