చెవుల మేస్త్రి, తడిసిన బ్రేకు

మా బామ్మర్ది కారు మేస్త్రి. బానెట్ ఎత్తడు, కళ్ళు మూసుకుని చెవితోనే జబ్బు చెప్పేస్తాడు. అందుకే అతన్ని అందరూ చెవుల మేస్త్రి అంటారు. ఒకసారి రెండు వీధుల అవతల ఎవరి కారో దగ్గితే, అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆ రోజు వాన వెలిసింది. నేను నడుపుతున్నాను. పక్కన మా ఆవిడ, వెనక అతను. కాలవ పొంగి రోడ్డంతా నీళ్ళు. ఎంత లోతంటే, కిటికీ పక్కనుంచి ఓ చేప నా మీటరు చూసి, తల ఊపుకుంటూ పోయింది. ఎలాగో ఇంజను ఆగకుండా అవతల పడ్డాం.

"బావా, బ్రేకు ముట్టుకోకు. ఇంజను నీళ్ళు తాగిందేమో విననీ. అక్కా, నువ్వు మాట్లాడకు."

"పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఆ మాట మీ బావే అనలేకపోయాడు," అంది మా ఆవిడ.

అతను కళ్ళు మూసుకున్నాడు. కారు మలుపు తిరిగింది. ఎదురుగా పల్లం. పల్లం చివర రైలు గేటు పడుతోంది. కూత వినిపించింది.

బ్రేకు తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది, చక్రాలే పట్టించుకోలేదు. మళ్ళీ తొక్కాను. అంతే.

"ఒరే, బ్రేకు పట్టట్లేదు!"

"ష్... విననీ బావా."

"విన్నది చాలు, కళ్ళు తెరువు సచ్చినోడా!" మా ఆవిడ వెనక్కి తిరిగి అతని జుట్టు పట్టి లాగింది.

తెరిచాడు. గేటు చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"రెండో గేరు! రెండో గేరు వెయ్యి! బ్రేకులు తడిసిపోయాయి బావా, తొక్కే ఉంచు, రాసుకుని ఆరాలి!"

గేరు వేస్తే బండి గాండ్రించింది. రైలు కనిపించేసింది. ఇంటి తాళంచెవి నా జేబులోనే ఉంది, బడి నుంచి వచ్చిన మా పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఆ క్షణంలో నాకు అదొక్కటే తోచింది.

కాలి కింద కిర్రుమంది. పట్టు దొరికింది. గేటు కర్రకు కారు ముక్కు ఆనించి ఆగాం.

రైలు నా పక్కటెముకల మీదుగా పోయింది. అరవై పెట్టెలు. మేస్త్రి ఇరవయ్యే అంటాడు, అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు కదా, అతనికేం తెలుసు?

గేటు లేచింది. వెనక హారన్లు.

"పోనీ బావా."

"కాలు రావట్లేదురా."

మా ఆవిడ వంగి, నా మోకాలు రెండు చేతులతో పట్టుకుని, పెడల్ మీంచి కాలు ఎత్తి పక్కన పెట్టింది.

ఇంజను చక్కగా నడుస్తూనే ఉంది. అయినా దాన్ని ఆపేసి, ముగ్గురం దిగి, ఇంటిదాకా కారును తోసుకుంటూ వెళ్ళాం.