ఎటు నొక్కినా

“వంటయ్యాక రాస్తావా, రాశాక వంట చేస్తావా? నీ ఇష్టం” అన్నారు మా ఆయన. పొద్దున్నే ఇంత స్వేచ్ఛ చేతిలో పెడితే ఏ ఆడదానికైనా కళ్లు తిరుగుతాయి. గరిటె పట్టుకుని కాసేపు ఆలోచించినట్టు నటించి, వంటయ్యాకే అన్నాను. ఉల్లిపాయలు తరుగుతుండగా నేను రాసే కథలో విషమంత్రి మాటలూ, కూర ఉడికేలోగా రాణి జవాబులూ తయారయ్యాయి. కళ్లలో నీళ్లు ఎవరి కోసమో ఎవరూ అడగరు, అదొక సౌకర్యం.

మూడేళ్లుగా మా ఇంట్లో ఒక ఆట తయారవుతోంది. తయారవుతూనే ఉంది. కంప్యూటర్ తెర మీద బొమ్మ వస్తుంది, కింద మనుషుల మాటలు వస్తాయి, అక్కడక్కడ రెండు దారులు చూపించి ఏదో ఒకటి నొక్కమంటుంది. కథ ఒక చీకటి రాజ్యానిది. రాజు చచ్చిపోయి మూడు వందల ఏళ్లయినా సింహాసనం దిగడు. ఆయన గడ్డంలో గబ్బిలాలు పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలకు మనవలు పుట్టారు, అయినా కొలువులో ఒక్కడూ ప్రభువులు పోయారనడు. అన్నవాడి నాలుక ఆ సాయంత్రమే పాక్కుంటూ కోట దాటి వెళ్లిపోతుంది. తెర వెనక కూర్చుని రాజు గొంతుతో ఆజ్ఞలిచ్చేది రాణి. మంత్రులు కుట్రలు పన్నేది ఆ గొంతు కోసమే. ఇందులో “రాజు చచ్చిపోయాడు” అన్న వాక్యం మా ఆయనది. తర్వాతి ఏడు వందల పేజీలు నావి. బొమ్మలు మా మరిదివి.

ఆ మంత్రుల్లో ఒకడైన విషమంత్రి కోసం నేను ఎక్కడికీ వెళ్లలేదు. మా అత్తగారు సోఫాలోనే ఉన్నారు. “నాదేముందిలే అమ్మా, ఎలా చేసినా తింటాను, గొంతు దిగితే చాలు” అని ఆవిడ అన్న పూటే ఆ మాట తీసుకెళ్లి రాణి విందులో విషమంత్రి చేత అనిపించాను. ముందుగా ఆడి చూసినవాళ్లు ఒళ్లు జలదరించిందని రాశారు. “ఇంత క్రూరమైన మాట ఎలా తట్టింది సార్” అని మా ఆయన్ని అడిగారు. “అలా వచ్చేస్తాయి” అన్నారాయన. నిజమే, వంటగదిలోకి అలా వచ్చేస్తాయి.

రెండు దారుల కిటుకు మాత్రం ఆయనే నేర్పారు. “ప్రతి దారికీ వేరే గది గీయాలంటే తమ్ముడి చెయ్యి పడిపోతుంది. ఎటు నొక్కినా ఒకే గదిలో తేలాలి. నొక్కినవాడికి మాత్రం తనే ఎంచుకున్నట్టుండాలి.” నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నావన్నారు. పెళ్లైన కొత్తలో “ఉద్యోగం ఇప్పుడే మానేస్తావా, సెలవు పెట్టి నిదానంగా మానేస్తావా” అని అడిగిన మనిషికి ఏమని చెప్పను?

మధ్యాహ్నం మొదటి తెర చూపించారు. కథ అన్నచోట ఆయన పేరు, బొమ్మలు అన్నచోట మరిది పేరు. అక్కడ నా పేరు కూడా ఉండాలన్నాను. పేరుంటే ఇంకో చోట ఎవరైనా రాయమని పిలుస్తారు. లేకపోతే ఈ మూడేళ్లూ నేను ఇంట్లో ఊరికే కూర్చున్నట్టు.

“ఇంటిమనిషివి, నీకు వేరే పేరెందుకే” అన్నారు అత్తగారు.

“చోటు లేదు వదినా” అన్నాడు మరిది, తల ఎత్తకుండా. రాజుగారి గడ్డానికి సగం తెర ఇచ్చాడు.

“అలగకు” అన్నారు మా ఆయన మెత్తగా. “చివర్లో ‘సహకారం: మా కుటుంబం’ అని వేయమంటావా, ‘మా ఆవిడకు కృతజ్ఞతలు’ అని వేయమంటావా? నీ ఇష్టం.”

నేను రాయాల్సింది ఆఖరి ఘట్టం ఒక్కటే మిగిలింది. చచ్చిన రాజు మొదటిసారి నోరు తెరిచి, తన గొంతు తనకిచ్చేయమని రాణిని అడుగుతాడు. ఆమె ముందు రెండు దారులుండాలి. వెళ్లి కూర్చుని, రెండిటి మీదా “నీ ఇష్టం” అనే రాసి ఆయనకు చూపించాను.

“రెండూ ఒకటే పడ్డాయి. చూసుకోలేదా?”

“చూసుకునే రాశానండీ.”

“ఇలా ఉంటే ఆడేవాడికి తెలిసిపోతుంది. మార్చు.”

మార్చాను. ఒకదాని మీద “సరే” అని, రెండోదాని మీద “అలాగే” అని పెట్టాను.

ఆయన రెండూ నొక్కి చూశారు.

“ఇప్పుడు తేడా తెలుస్తోంది” అన్నారు.