దుబాసమ్మ వదిలిన మాట

ఆ ఇంట్లో పొద్దున్నే టీ నీళ్లు మరిగేలోపు కోడలికి ఏదో ఒకటి గుర్తొచ్చేది. తనది కాదు, అత్తగారిది. అత్తగారు ఏది మరిచిపోతే అది కోడలి బుర్రలోకి వచ్చి కూర్చునేది. కళ్లజోడు ఎక్కడ పెట్టిందీ, గ్యాసు కట్టేసిందీ లేనిదీ, చిన్నప్పుడు బడిలో పాడిన పాటలో రెండో చరణం, అన్నీ. ఆ కుటుంబంలో ఇది ఎప్పట్నుంచో ఉన్నదే. అత్తగారి అత్తగారు ఆఖరి రోజుల్లో ఈత మరిచిపోతే, ఏనాడూ నీళ్లలో దిగని అత్తగారికి ఈత వచ్చేసింది. మెట్ల మీద ఎదురైన పక్కింటావిడ, వాన పడేలా ఉందా అన్నంత మామూలుగా అడిగేది:

"ఇవ్వాళ మీ అత్తగారు ఏం మరిచారమ్మా?"

"మా మామగారి మీద కోపం," అనేది కోడలు. "ఎందుకో తెలీదు. పొద్దుట్నుంచి ఆయన ఫొటో చూస్తే ఒళ్లు మండిపోతోంది."

అత్తగారిని అందరూ దుబాసమ్మ అంటారు. రేవు పక్క ఆసుపత్రిలో నర్సుగా ఉన్న రోజుల్లో, ఓడల మీద వచ్చే అరబ్బు కళాసీలకు సూదులు వేస్తూ వాళ్ల భాష పట్టేసింది. నొప్పి, ఎక్కడ, ఎప్పట్నుంచి, ఇవీ మొదట నేర్చిన మాటలు. ఒక ముసలి కళాసీ జ్వర తీవ్రతలో పద్యాలు చదువుతుంటే, అర్థం తెలియక ఆవిడకు నిద్ర పట్టలేదు. అలా అంటుకుంది కవిత్వం. ఉద్యోగం మానేశాక, అరబ్బు కవి ఎవరొచ్చినా, ఆ మాటలు తెలుగులో చెప్పే దుబాసీగా పక్క కుర్చీ ఆవిడదే.

ఈ ఏడు అంతర్జాతీయ సాహిత్య ఉత్సవమంతా అరబ్బు రచయితలదే. సభా భవనం బయట నిలువెత్తు గుడ్డల మీద వాళ్ల ముఖాలు వేలాడదీశారు. ఆ మధ్యాహ్నం చదవబోయే కవయిత్రి పేరుమోసిన మనిషి, అంతకంటే పేరుమోసిన మొండిది. కవితలు ముందుగా ఎవరికీ ఇవ్వదు. వేదిక ఎక్కాక అప్పటికప్పుడు మార్చి చదువుతుంది. ఒక చరణం కాగానే చేతికర్రతో నేల మీద కొడుతుంది. ఆ చప్పుడు ఆగేలోపు దుబాసీ అందుకోవాలి. దుబాసమ్మ పక్కన ఉంటేనే వస్తానని కబురు చేసి మరీ వచ్చింది.

ఆ పొద్దున కోడలు వంటింటి కిటికీ తెరుస్తూ "శుబ్బాక్" అంది.

దుబాసమ్మ చేతిలో కప్పు ఆగిపోయింది. "ఏంటదీ?"

"కిటికీ అత్తయ్యా. అరబ్బీలో. ఇప్పుడే వచ్చింది."

ఆవిడ ఆ మాటను నోట్లో వేసుకుని చూసింది. రుచి తెలియలేదు. దారిన పోయే పరాయి మాటలా ఉంది. కళ్లజోళ్లు పోతే పోయాయి, కోపాలు పోతే మరీ మంచిది. ఇది మాత్రం పోదనుకుంది. ఇది పోతే తాను ఎవరు? ఒక ముసలి నర్సు, అంతే.

"నాది నాకిచ్చెయ్."

"నేను తీసుకుంటే కదా ఇవ్వడానికి. దానంతటది వచ్చి పడుతోంది, నన్నేం చెయ్యమంటారు?"

ఇక ఆవిడ ఒకచోట నిలవలేదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. కనపడినవన్నీ ముట్టుకుంటూ, తలుపు, ఉప్పు, దువ్వెన, అద్దం, వరసగా అరబ్బీలో పేర్లు చెప్పుకుంది. ఎక్కడైనా తడబడితే చటుక్కున కోడలి వంక చూసేది. కోడలు మొహం దాచుకుని సింకులో గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేది. ఆ చప్పుడుతోనే తెలిసిపోయేది, ఇంకోటి పోయిందని.

"అమ్మా, ఒంట్లో బాగోలేదని చెప్పేద్దామా?" అన్నాడు కొడుకు.

"నా ఒంటికేం రోగం? నువ్వు నోరు మూసుకుని బూట్లు వేసుకో."

"కళ్లద్దాల కొట్టుకి ఇవ్వాళ పనికి రానని చెప్పేశాను," అంది కోడలు. "వేదిక మీద మీ పక్కన కూర్చుంటాను అత్తయ్యా."

"అద్దాలు తుడుచుకునేదానివి, నువ్వు వేదికెక్కుతావా?"

"మీరూ సూదులు పొడుచుకునేవారే కదా."

దుబాసమ్మ ఆ మాట విననట్టే నటించింది. "ముందు వరసలో కూర్చో. నోరు విప్పావంటే మాత్రం ఊరుకోను."

బస్సులో దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉంది. పక్కనున్నాయన జపం అనుకుని భక్తిగా లేచి సీటిచ్చాడు.

హాలు కిటకిటలాడుతోంది. కవయిత్రి వచ్చి కూర్చుంటూనే దుబాసమ్మ మోకాలి మీద తట్టి, "నీకూ ముసలితనం వచ్చిందే" అంది అరబ్బీలో. ఆ ముక్క అర్థమయ్యేసరికి దుబాసమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మొదటి చరణం అయింది. కర్ర చప్పుడైంది. ఆవిడ గొంతు సవరించుకుంది.

"నేను పుట్టిన వీధి ఇప్పుడు లేదు. అది వచ్చి నా మోకాళ్లలో కాపురం పెట్టింది. వాన పట్టినప్పుడల్లా దాని తలుపులు మూసుకుంటున్నాయి."

జనం గుసగుసగా మెచ్చుకున్నారు. కవయిత్రి తలూపి రెండో చరణం చదివింది. కర్రతో కొట్టింది.

దుబాసమ్మ నోరు తెరిచింది. చొక్కాలు తెలుసు. పిన్ని తెలుసు. తడీ, ఎండా తెలుసు. అవన్నీ దేని మీద వేలాడుతున్నాయో ఆ ఒక్క మాటే అందడం లేదు. అది లేకపోతే చరణమంతా కుప్పగా కింద పడుతుంది. నాలుక చివరే ఉంది. పళ్లు బిగించి పట్టుకుంది.

వెనక ఎవరో దగ్గారు. కుర్చీలు కిర్రుమన్నాయి. నిర్వాహకుడు మెట్ల దగ్గర నిలబడి నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు, మళ్లీ బిగిస్తున్నాడు. కవయిత్రి రెండోసారి కర్రతో కొట్టింది, ఈసారి మెల్లగా.

దుబాసమ్మ ముందు వరసలోకి చూసింది. అక్కడ కోడలు కూడా నోరు తెరుచుకుని, రాని తుమ్ము కోసం ఆగినదానిలా ఉంది. మెడ నరాలు ఉబ్బాయి. కళ్లల్లో నీళ్లు. ఆ మాట ఇక్కడా లేదు, అక్కడికీ చేరలేదు. తాను పట్టుకుంది కాబట్టి మధ్యలో నలుగుతోంది.

సూది వేసే ముందు ఎంతమందికి చెప్పింది! "బిగబట్టకండి. బిగబడితేనే నొప్పి. ఊపిరి వదలండి." ఇతరులకు చెప్పినంత తేలిక కాదు. ఒక్క మాట వదిలితే ఒక్క మాటే పోతుందని నమ్మకమేం లేదు. పట్టు తప్పితే ఆ ముసలి కళాసీ పద్యాలు, రేవు, నొప్పీ ఎక్కడా ఎప్పట్నుంచీ, అంతా పోవచ్చు. కాని పిల్ల మొహం ఎర్రబడుతోంది.

దుబాసమ్మ ఊపిరి వదిలింది.

ముందు వరసలో కోడలు లేచి నిలబడింది.

"దండెం మీద మా పిన్ని చొక్కాలు ఆరేసింది," అంది. "చొక్కాలు ఆరిపోయాయి. తొడుక్కునేవాళ్లు ఇంకా రాలేదు. అందుకని ఆవిడ వాటిని మళ్లీ తడుపుతోంది."

నిర్వాహకుడు సీసా కింద పెట్టి, ఇంకో కుర్చీ తెచ్చి దుబాసమ్మ కుర్చీ పక్కన వేశాడు. కోడలి చేతికి మైకిస్తూ, "రేపు నవలాకారుల సభ కూడా ఉందండీ, దానికీ మీరే కూర్చోవాలి," అని చెవిలో చెప్పాడు. కోడలు సరేనంది. కొట్టుకి రేపూ రానని చెప్పాలి కాబోలు, ఎల్లుండి కూడా.

కవయిత్రి దుబాసమ్మ వైపు తిరిగి, చెయ్యి పట్టుకుని ఏదో అంది. చాలా మెత్తగా అంది. దుబాసమ్మ ఆ పెదాల వంకే చూసింది. గులకరాళ్ల మీద నీళ్లు పారినట్టు ఉంది చప్పుడు. అంతకుమించి ఏమీ లేదు.

"ఏమంటోందే?"

"చెయ్యి ఎందుకంత చల్లగా ఉందని అడుగుతున్నారు అత్తయ్యా."

"ఏసీ ఎక్కువైందని చెప్పు."

కోడలు చెప్పింది. కవయిత్రి నవ్వి, దుబాసమ్మ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని మూడో చరణం మొదలుపెట్టింది. ఆ గొంతు పైకి పోయింది, విరిగింది, మళ్లీ అతుక్కుంది. ఇన్నేళ్లూ దుబాసమ్మ ఏ కవితనూ ఇలా వినలేదు. వింటున్నంతసేపూ మాటలు ఏరుకోవడమే సరిపోయేది. ఇప్పుడు ఏరడానికేం లేదు. వీధికేమైంది? ఆ చొక్కాలవాళ్లు వచ్చారా? కవయిత్రి కళ్లు తడిశాయి. ఎందుకు? దుబాసమ్మ కుర్చీలో అటూ ఇటూ కదిలింది. ఇక పట్టలేక కోడల్ని మోచేత్తో పొడిచింది.

"ఏమైందే? చెప్పవే."

"ఉండండత్తయ్యా," అంది కోడలు, కవయిత్రి మొహం మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా చదువుతున్నారు."