ఆగస్టు పదిహేనుకి ఇద్దరికి గది

ఫార్మింగ్టన్ హిల్స్‌లోని వేమూరి వారింటికి ఏటా డిసెంబరులో ఒక గ్రీకు క్యాలెండర్ వచ్చేది. అడుగున డెట్రాయిట్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీ పేరుండేది. ఎందుకు పంపుతున్నారో శశికళ ఎన్నడూ ఆరా తీయలేదు. అమెరికాలో అడక్కుండా పోస్టులో వచ్చే కాగితాలు సవాలక్ష, అందులో ఇదొకటి అనుకుంది. నెలకో దీవి ఫోటో, పండుగ రోజులకి ఎర్ర అంకెలు. నరసింహ దాన్ని తీసుకెళ్ళి బేస్‌మెంట్‌లో తన బల్ల పైన తగిలించుకునేవాడు.

1986 క్యాలెండర్‌ని మాత్రం శశికళే ముందుగా అందుకుంది. దాన్ని ఫ్రిజ్ తలుపు మీద, వాళ్ళ నాన్న తెనాలి నుంచి పంపిన తెలుగు క్యాలెండర్ పక్కనే అతికించింది. పెళ్ళయి మూడేళ్ళు దాటింది, ఎక్కడికీ తీసుకెళ్ళలేదు, నీకు ఎక్కడికి వెళ్ళాలనుంటే అక్కడికే వెళ్దాం అని మొగుడు తనంతట తానే అన్నాడు మరి. నరసింహ మర్యాద తెలిసిన మనిషి. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, గట్టిగా ఒక్క మాట అనడు. దగ్గరగా కూర్చుని నాలుగు మాటలు చెప్పడు కూడా.

ఆమె ఆ క్యాలెండర్‌లోని దీవులే ఎందుకు కోరుకుందంటే, అక్కడ రేణు ఉండదు కాబట్టి. రేణు నరసింహ మొదటి భార్య. 1981 చలికాలంలో జబ్బు చేసి పోయింది. మరుసటి ఏడాది చివర శశికళ ఆ ఇంట్లో కాలుపెట్టింది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం తప్పని ఆమెకీ తెలుసు. కానీ ఏ గిన్నె పట్టుకున్నా రేణు కొన్నదే, ఏ కిటికీ తెర లాగినా రేణు కుట్టిందే. చివరికి తన మెళ్ళో సూత్రాల పక్కన కూడా రేణు పేరున చిన్న బంగారు బిళ్ళ వేలాడుతుంటే, ఇక మనిషి ఊపిరెక్కడ పీల్చుకోవాలి?

దానికి తోడు విజయవాడ నుంచి అత్తగారి ఉత్తరాలు. ముత్తయిదువుగా పోయిన పిల్ల, మనకి పేరంటాలు, శ్రావణంలో కొత్త చీర ముందు దానికి పెట్టు, ఆ తర్వాతే నువ్వు కట్టుకో అని ప్రతి ఏడూ అదే మాట. శశికళ అలాగే చేసేది. నరసింహ ఏటా ఆగస్టులో ఆఫీసు పని మీద రెండు వారాలు జర్మనీ వెళ్తాడు. ఆయన బయల్దేరేలోపే రేణు ఫోటో ముందు చీర పెట్టి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టేది. ఆ చీర ఎవరైనా ముత్తయిదువుకి ఇవ్వాలి కదా, జర్మనీలో తెలిసినవాళ్ళున్నారు, నేనిస్తాలే అని నరసింహ దాన్ని పెట్టెలో సర్దుకునేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క వ్రతమైనా తన చీర తను ముందుగా కట్టుకుని చేసుకోవాలని శశికళ కోరిక. అది పెద్ద కోరికేం కాదు.

అందుకే చలికాలమంతా రెండు క్యాలెండర్లనీ పక్కపక్కన పెట్టుకుని, లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని లెక్కలు వేసింది. మే మొదట్లో గ్రీకుల ఈస్టర్. బాగానే ఉంటుంది కానీ వీధి వీధికీ గొర్రెపిల్లల్ని కాలుస్తారట, తామిద్దరూ చూస్తే గుడ్డు కూడా ముట్టరు. జూలై ఇరవైన కొండల మీద గుళ్ళలో జాతరలు, అది ఆషాఢం. ఆగస్టు మొదటి రెండు వారాలు మాత్రం అక్కడ ఇళ్ళల్లో మాంసం వండరట, మేరీమాత కోసం ఉపవాసాలు. పదిహేనో తారీకున పెద్ద పండుగ. తెలుగు క్యాలెండర్‌లో ఆ పదిహేను చూసేసరికి శశికళకి ఒళ్ళు జల్లుమంది. అది శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం.

"ఏమండీ, ఆగస్టులో వెళ్దామా?" అని అడిగింది ఆ సాయంత్రమే.

"ఆగస్టు కుదరదు, జర్మనీ ట్రిప్ ఉందిగా. జూలైలో ప్లాంట్ షట్‌డౌన్, అందరికీ సెలవలే, అప్పుడు బుక్ చెయ్యి."

"మీరు జర్మనీ నుంచి అటే వచ్చెయ్యండి. నేను ఇక్కణ్ణించి వస్తాను. రెండు పండగలూ ఒక్క రోజే పడ్డాయి, చూడండి."

నరసింహ క్యాలెండర్ వైపు చూడలేదు. "చూద్దాంలే" అని బేస్‌మెంట్‌లోకి దిగిపోయాడు.

చూద్దాంలే అన్నాడంటే చూడడని అర్థం. శశికళకి ఒళ్ళు మండింది. అన్నీ ఖాయం చేసేస్తే కాదనలేడులే అనుకుని, మార్చిలో ఒక మంగళవారం క్యాలెండర్ మీద ఉన్న అడ్రసు కాగితం మీద రాసుకుని డెట్రాయిట్ డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది.

ఏజెన్సీ చిన్న గది. బల్ల వెనక డెస్పినా అనే యాభై ఏళ్ళ గ్రీకావిడ, గోడకి అదే క్యాలెండర్. శశికళ తన పేరు మిసెస్ వేమూరి అని చెప్పగానే ఆవిడ లేచొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"ఇన్నేళ్ళకి వచ్చారా. మీ ఆయనతో ఫోన్‌లో మాట్లాడటమే గానీ మిమ్మల్ని చూడటం ఇదే మొదలు. ఒంట్లో ఎలా ఉంది, రేణు?" అంది ఇంగ్లీషులో.

శశికళ చేతులు వెనక్కి తీసుకుంది. డెస్పినా అదేం పట్టించుకోకుండా కుర్చీ జరిపి, నీళ్ళిచ్చి, ఒక ఫైలు తీసి చెప్పుకుపోయింది. మా దీవికి మొదటిసారి 1979లో వచ్చారు కదా, అప్పట్నుంచి ఒకే గది, ఒకే పదిహేను రోజులు, ఆగస్టు పండుగకి. మధ్యలో ఒక్క ఏడాదే రాలేదు. ఆ ఇల్లు మా పిన్నిదే, మీకు తెలుసుగా. మీ గురించి ఉత్తరాల్లో రాస్తూనే ఉంటుంది. ఆరోగ్యం బాగాలేక మీరు మేడ దిగరని, మీ ఆయన రోజూ రెండు పళ్ళేల్లో భోజనం పైకి పట్టుకెళ్తాడని, రెండు పళ్ళేలూ ఖాళీగా కిందికొస్తాయని. అలాంటి మొగుడు మా దీవిలో ఒక్కడూ లేడంటుంది. సంతలో మీకోసం తులసిలాంటి మా మొక్క కుండీ కొంటాడట. సాయంత్రాలు మేడ మీంచి ఆయన నవ్వు వీధిలోకి వినిపిస్తుందట.

నరసింహ నవ్వు ఎలా ఉంటుందో శశికళకి తెలియదు. ఆ మాటకి ఆమెకి వచ్చినంత ఏడుపు మిగతా వాటికి రాలేదు.

"పిన్ని పంపింది చూడండి" అని డెస్పినా ఒక ఫోటో చేతికిచ్చింది. తెల్ల గోడ, మేడ మీద వసారా, రెండు కుర్చీలు. కటకటాల మీంచి ఆకుపచ్చ చీర వేలాడుతోంది, పసుపు అంచు. డెట్రాయిట్ కొట్లో శశికళ రెండు గంటలు వెతికి, కిందటేడు రేణు ఫోటో ముందు పెట్టిన చీర అది. చీర కొసనుంచి నీళ్ళు కారి కింది గోడంతా తడిసి ఉంది. ఒకసారి చూసి మళ్ళీ చూసింది. నిజంగా తడే. కట్టని చీరను ఎవరు ఉతికి ఆరేస్తారు?

రేణు ఐదేళ్ళ కిందటే పోయింది, నేను ఆయన రెండో భార్యని, నా పేరు శశికళ. ఈ మూడు ముక్కలూ చెప్పేస్తే సరిపోతుంది. చెప్తే ఏమవుతుంది? ఆ మేడ మీద నవ్వే మనిషి అంతటితో చచ్చిపోతాడు. తన వంతుకి ఈ ఫార్మింగ్టన్ హిల్స్ మనిషే మిగులుతాడు, చూద్దాంలే అని బేస్‌మెంట్‌లోకి దిగిపోయేవాడు. శశికళకి ఆ నవ్వే మనిషి కావాలి. ఎంత కావాలో అప్పుడే తెలిసి, తన మీద తనకే భయం వేసింది.

"పదిహేనో తారీకు నా పేరు పండుగ, మాకది పుట్టినరోజు లాంటిది, ఈసారి నేనూ వస్తున్నాను. ఈ ఏడాదైనా కిందికి దిగి మాతో కూర్చుని భోంచేస్తారా?" అంది డెస్పినా.

"దిగుతాను" అంది శశికళ.

డెస్పినా సంతోషంగా కార్డు మీద రేణు వేమూరి అని రాసుకుంది. ఒక్కో అక్షరం పడుతుంటే శశికళ చూస్తూ కూర్చుంది, ఆపలేదు.

ఇంటికొచ్చి వంట చేసింది. వంకాయ కూర, చారు. ఆరింటికి నరసింహ వచ్చాడు. బూట్లు విప్పుకుంటూ ఉంటే, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"ఆగస్టుకి బుక్ చేసొచ్చానండీ. డెస్పినా దగ్గర. మీ గదే, ఇద్దరికి."

వెనక రెండో బూటు నేల మీద పడింది. "ఏం చెప్పావు ఆవిడకి?" అన్నాడు.

"నేనేం చెప్పలేదు. రేణు అని పిలిచింది. కాదనలేదు."

అరుస్తాడనుకుంది. కాళ్ళు పట్టుకుని ఏడుస్తాడనుకుంది, దానికి ఏమనాలో కూడా దారిలో సిద్ధం చేసుకుంది. నరసింహ ఆ రెండూ చెయ్యలేదు. దగ్గరికి వచ్చి, ఆమె భుజాలు పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. మొహంలోకి తేరిపార చూశాడు. ఎక్కడో దూరంగా వస్తున్న మనిషిని గుర్తుపడుతున్నట్టు కళ్ళు చికిలించి, మెల్లగా నవ్వాడు. ఎంత చక్కటి నవ్వు. దాని కోసం మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఎన్ని చేసింది ఆమె, ఎన్ని చీరలు కట్టింది, ఎన్ని కూరలు వండింది.

అతను అలమర తీసి రెండు పళ్ళేలు బల్ల మీద పెట్టాడు. ఒక పళ్ళెంలో అన్నం వడ్డించాడు, కూర వేశాడు, నెయ్యి వేశాడు.

"ఆకలేస్తోందా, రేణూ?" అన్నాడు.

కాదు అనడానికి ఇంకా వ్యవధి ఉంది. శశికళ కుర్చీ లాక్కుని కూర్చుంది. పళ్ళెం దగ్గరికి జరుపుకుంది.

"వేస్తోందండీ" అంది.